మోటుపల్లి యభయశాసనము: భయహేతువిచారము

కాకతీయ గణపతిదేవచక్రవర్తి శాలివాహనశకము 1166 అగు క్రోధి సంవత్సరమున, అనఁగా క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవునకు వచ్చిపోవు నోడబేరగాండ్ర కొసంగిన యభయశాసనము చరిత్రజ్ఞులకు సుపరిచితము. ఆయూరు తొలుత గుంటూరుజిల్లాలోనిది. 1970లో నేర్పడిన యొంగోలుజిల్లాలో, అనఁగా తరువాతి ప్రకాశముజిల్లాలోఁ జేరినది. 2022లో బాపట్లజిల్లాకు మాఱినది. శాసనస్తంభ మచ్చటి వీరభద్రాలయమునఁ గలదు. అందలి సుంకములపట్టికకంటె ముందుగా విచారింపవలసినది దాని పేరునందలి యభయశబ్దము.

అభయ మనఁగా భయము లేకుండుట. భయార్థకములును రక్షణార్థకములును అగు ధాతువులతోడి యోగమున భయహేతువునకుఁ బాణిని యపాదానసంజ్ఞను విధించెను. అందుచేతనే యాపదము పంచమీవిభక్తి నందును. వ్యాఖ్యాతలు చూపు ప్రసిద్ధోదాహరణమున భయహేతువు దొంగ. అభయ మెవరి కను ప్రశ్నకు శాసనమే ప్రత్యుత్తర మిచ్చుచున్నది: ద్వీపాంతరముల నుండియు, దేశాంతరముల నుండియు, పట్టణముల నుండియు వచ్చు వర్తకులకు. మఱి యెవరి వలని భయమునకు? ఇదియే ముఖ్యప్రశ్నము.

ఓడమీఁదఁ బోవువానికి భయహేతువులు మూఁడు. మొదటిది గాలివాన. రెండవది నడిసముద్రమునఁ బైఁబడు దొంగ. ఈరెంటి విషయమున నావికుఁడు కొంత జాగ్రత్తపడఁగలఁడు: ఋతువు నెఱిఁగి పయనమగును, ఆయుధపాణులఁ దోడుగొనును, సరకునకుఁ గావలి పెట్టును. మూఁడవదానికిఁ గావలి లేదు. గాలివానకు నోడ పగిలి యొడ్డునకుఁ గొట్టికొనివచ్చినచో, పూర్వరాజులు దానియందలి బంగారము, గజములు, అశ్వములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలాత్కారముగాఁ గైకొనుచుండి రని గణపతిదేవుఁడే చెప్పుచున్నాఁడు. కావున నిచ్చట నర్థముచేతఁ బంచమికిఁ దగినది రాజశబ్దమే. ఉదాహరణమునందలి దొంగ స్థానమున రాజు నిలిచి యున్నాఁడు.

ఈయాచారము మోటుపల్లికే పరిమితము కాదు. 13వ శతాబ్ది చివర నీరేవును ‘ముత్ఫిలి’ యని పేర్కొని, యిచ్చటి సన్నని నూలుబట్టలఁ గొనియాడిన వెనీసుదేశీయుఁడు మార్కోపోలో, మలబారుతీరమునందలి యేలిరేవును గూర్చి యొక వింత చెప్పెను. వేఱొకచోటికిఁ బోవలసిన యోడ యట కేతెంచినచో దైవమే తమకుఁ బంపె నని జనులు దానిఁ గొల్లగొట్టుదు రనియు, దానిఁ బాపముగాఁ దలఁప రనియు నతని వ్రాత. దారి తప్పిన సొత్తు స్వామి లేని సొత్తను భ్రాంతియే దీనికి మూలము. శాస్త్ర మట్లు చెప్పలేదు. స్వామి తెలియని ధనమును రాజు మూఁడేండ్లు కాపాడి, గుర్తులు చెప్పిన స్వామి కీయవలె నని మనువు. గాలిచేఁ గొట్టఁబడిన యోడను దండ్రివలె ననుగ్రహింపవలె ననియు, నీటఁ దడిసిన సరకునకు సుంకము మానుటయో సగము చేయుటయో యుచిత మనియుఁ గౌటిల్యుఁడు. ఇంగ్లండునందు 1275 నాఁటి చట్టమును, ఓడనుండి మనుష్యుఁడు గాని కుక్క గాని పిల్లి గాని ప్రాణములతో బయటపడినచో నది స్వామి లేని సొత్తు కాదని నిర్ణయించెను. గణపతిదేవుని శాసన మంతకు ముప్పదియేండ్లు పూర్వపుది. ప్రాణి బ్రదుకవలె నను నియమ మందు లేదు.

సముద్రయానసాహసము చేయువారు ప్రాణములకంటె ధనమే గొప్ప దని తలఁచి బయలుదేఱుదు రని శాసనము గుర్తించినది. అట్టివారి ధనమును హరించుట ప్రాణహరణమునకుఁ దక్కువ కాదని తాత్పర్యము. కావుననే కృపచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియతమైన సుంకము తప్ప మిగిలినదంతయు విడిచితి మని రాజు పలికెను. ఆసుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకటి. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, మిరియములు మున్నగువానికి వేఱువేఱుగ సుంకములు చెక్కఁబడినవి. నేఁడు మిరపకుఁ బ్రసిద్ధి కెక్కిన యీసీమకు నాఁడు కారము మిరియమే; మిరప పోర్చుగీసువారి రాకకుఁ దరువాతిది.

సుంకమునకై రాజు దయఁ జూపె నని కొంద ఱాక్షేపింపవచ్చును. ఓడలు వచ్చిననే కోశము నిండు ననుట నిజమే. కాని నియతము గాని సుంకమును దోపిడియే. ఇంత యని సంఖ్య చెప్పి, యెల్లవారును జూచునట్లు శిలపైఁ జెక్కించిన రాజు తన యధికారుల చేతులఁ గూడఁ గట్టివైచినాఁడు. పట్టిక యభయమునకు విరుద్ధము కాదు; దాని శేషమే.

అయినను రాజవాక్యము రాజుతోడనే బలహీనపడును. కాకతీయరాజ్యము 1323లో నంతరించెను. శకము 1280, అనఁగా 1358లో, రెడ్డిరాజగు ననపోతారెడ్డి యదే రేవున మరల శాసనము వేయింపవలసి వచ్చెను. వర్తకుల సొత్తును బలిమిఁ గైకొన మనియు, వారు తమ కిష్టమైనవారికి సరకు లమ్ముకొనవచ్చు ననియు, పుత్రులు లేక మరణించినవారి సొత్తును రాజు గైకొను నపుత్రికదండమును మానితి మనియు నందుఁ గలదు. నూటపదునాల్గేండ్లు గడచినను వర్తకునకు భయహేతువు మాఱలేదు. పగిలిన యోడను గూర్చిన భయము వలెనే, మృతుని పెట్టెను గూర్చిన భయమును రాజద్వారమునుండియే వచ్చినది.

కావునఁ బాఠశాలలయం దీశాసనమును బోధించునపుడు సుగంధద్రవ్యముల పేర్లతో నిలిచిపోరాదు. అభయ మెవరి వలని భయమునకని బాలురచేఁ బ్రశ్నింపఁజేయవలెను. రక్షింపవలసినవాఁడే భయహేతు వగుట ప్రజలకు దుర్దశ. పూర్వరాజుల దోషమును దాఁపక వ్రాయించి, యట్టి యధికారమునుండి తన్నుఁ దాను నివర్తించుకొనుటయే గణపతిదేవుని ఘనత.