ఇసుకలో ఓనమాలు – పల్నాటి బడులలో చదువు నేర్పిన విధం

పూర్వం తెలుగుదేశపు వీధిబడులలో ఒక ఆచారం ఉండేది. తెల్లవారుతుండగా అందరికన్న ముందు బడికి చేరిన పిల్లవాని అరచేతిలో పంతులుగారు సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు. ఆలస్యమైనకొద్దీ దెబ్బలు పెరిగేవి. ‘శ్రీచుక్క’ అనే మాట మన భాషలో ఈ ఆచారానికే గుర్తుగా మిగిలింది. ఈ వివరాన్ని 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ ఒక నివేదికలో వ్రాసి ఉంచారు. ఆయన తెలుగు నేర్చి, 1816లో తెలుగు వ్యాకరణం రచించిన పండితుడు. మన బడులలోని గుణమూ దోషమూ రెండూ ఎరిగి చెప్పిన మనిషి.

ఆ నివేదిక ఎందుకు పుట్టిందంటే, 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడులన్నిటినీ లెక్కించి పంపవలసిందని కలెక్టర్లను ఆజ్ఞాపించారు. 1826లో ఆ లెక్కలన్నీ కూడితే 12,498 బడులు తేలాయి. ఇంచుమించు వేయిమంది జనానికి ఒక బడి. నాడు పల్నాడు చేరి ఉన్న గుంటూరు కలెక్టరీలో 574 బడులు ఉన్నట్లు నమోదయింది. వాటిలో చదువు చెప్పిన తీరు ఎట్టిదో ఊహించడానికి కాంబెల్ నివేదికే మంచి ఆధారం. తెలుగు వీధిబడి నరసరావుపేటలోనైనా, గురజాలలోనైనా, బళ్లారిలోనైనా దాదాపు ఒకే అచ్చులో నడిచింది.

పిల్లవాడు నేలమీద పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరం దిద్దుతాడు. దిద్దుతూ గొంతెత్తి పలుకుతాడు. ఓనమాలు, గుణింతాలు, వత్తులు వచ్చిన తరువాత తాటాకూ గంటమూ చేతికి వస్తాయి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెబుతారు. పిల్లవాడు ఒక వరుస నుంచి పై వరుసకు వెళ్లేది ఏడాది గడిచినందుకు కాదు, తన శక్తి అందుకు చాలినప్పుడే. ఈ పొదుపునూ, పిల్లలచేత పిల్లలకు నేర్పించే పద్ధతినీ కాంబెల్ మెచ్చుకున్నారు. ఇంగ్లండులో దానిని అనుకరించడం తగిన పనే అన్నారు.

ఆ అనుకరణకు కారకుడు డాక్టర్ ఆండ్రూ బెల్. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమానికి ఆయన పర్యవేక్షకుడు అయ్యారు. ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూచి ఆ పద్ధతిని తన బడిలో పెట్టదలచారు. ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల బాలునికే ఆ పని అప్పగించారు. 1797లో ఆయన ఈ ప్రయోగాన్ని లండనులో అచ్చువేయించగా, ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో అది ఇంగ్లండు బడులలో వ్యాపించింది. మన వీధి అరుగుమీది ఇసుక ఆ విధంగా సముద్రాలు దాటింది.

అయితే కాంబెల్ దోషాన్ని కూడా దాచలేదు. బడిలో చదివే పద్యాల భాష ఇంటిలో మాట్లాడే భాష కాదు. పిల్లవాడు వందల పద్యాలు తడుముకోకుండా అప్పజెబుతాడు గాని, వాటి అర్థం నేర్పిన చిలుకకు ఎంత తెలుసునో అతనికీ అంతే తెలుసు. ఆయన జిల్లాలోని 533 బడులలో 6,641 మంది చదువుతుండగా, వారిలో ఆడపిల్లలు అరవైమందే. నిమ్నజాతులని పేరు పెట్టిన కులాల పిల్లలకు అరుగు ఎక్కే అధికారమే లేదు. అక్షరం కొందరికే దక్కింది. దక్కిన వారికి కూడా అర్థం అందలేదు. తరువాతి రెండువందల ఏండ్ల కథ అంతా ఈ రెండు లోపాలతో జరిగిన పోరాటమే.

మొదటి లోపాన్ని తీర్చడంలో పల్నాటికి తన చరిత్ర ఉన్నది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరు 1849లో గురజాలకు వచ్చి నివాసమేర్పరచుకున్నారు. మిషను బడులు వెలసిన చోట, వీధిబడి గుమ్మం తొక్కనివ్వని పిల్లల చేతికి పలక వచ్చింది. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ చిన్ననాట బడిలో అంటరానితనపు బాధ అనుభవించినవారు. పెద్దయిన తరువాత తామే ఉపాధ్యాయులై ఎందరికో చదువు చెప్పారు. 1957 నుంచి కొంతకాలం మద్రాసు ఆకాశవాణిలోనూ పనిచేశారు. అక్షరం అందకుండా ఎవరిని దూరంగా నిలబెట్టారో, ఆ వర్గంనుంచే తెలుగువారికి ఒక మహాకవి లభించాడు. ఇంకా ఎందరిని పోగొట్టుకున్నామో లెక్కకు అందదు.

రెండవ లోపాన్ని పట్టుకున్నవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1906 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు, జనం మాట్లాడే తెలుగూ బడిలో చెప్పే తెలుగూ వేరుగా ఉన్నవేమని ప్రశ్నించారు. గురజాడ, గిడుగు వంటివారు ఆ ప్రశ్నను ఉద్యమంగా మలచారు. 1912లో స్కూలు ఫైనలు వ్యాసరచనలో వాడుకభాషకు అనుమతి దొరికింది. వివాదం పెరిగి కొద్ది ఏండ్లకే రద్దయింది. పంతులుగారు వాదంతో ఆగలేదు. పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాష నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు వ్రాశారు. ఎరిగిన మాట నుంచి ఎరుగని అక్షరానికి నడిపించాలి గాని, ఎరుగని అక్షరంతో ఎరుగని మాటను నేర్పరాదని ఆయన చేతలు చెబుతున్నాయి.

ఈ అనుభవాలను పరిశోధకులు ఇటీవల పరీక్షించి చూశారు. మన లిపికి సోదరి అయిన కన్నడ లిపిని పిల్లలు నేర్చే తీరును సొనాలి నాగ్ పరిశీలించి 2007లో ప్రకటించారు. ఇంగ్లీషువారికి ఇరవైఆరు అక్షరాలు. మనకు గుణింతపు రూపాలే దాదాపు ఐదువందలు, వత్తులు ఆ పైన. అందువల్ల అక్షరాలన్నీ స్థిరపడడానికి పిల్లలకు నాలుగైదు తరగతుల కాలం పడుతున్నదని ఆమె చూపారు. దీనినిబట్టి ఉపాధ్యాయుడు గ్రహించవలసినది ఒకటున్నది: వర్ణమాల పూర్తి అయిన తరువాతనే మాటలు, మాటల తరువాతనే కథ అని కూర్చుంటే, పిల్లవాని బాల్యం గుణింతాలతోనే గడిచిపోతుంది. కొద్ది అక్షరాలు రాగానే వాటితో కూడే మాటలు చదివించాలి. ధ్వనికీ అక్షరానికీ గల సంబంధాన్ని వరుసగా, విడువక నేర్పాలి. దానితోపాటే కథ చదివి వినిపించాలి, మాట్లాడించాలి, సొంతమాటలు వ్రాయించాలి. అక్షరం ఒక కన్ను, అర్థం రెండవ కన్ను.

2005 నుంచి ‘ప్రథమ్’ సంస్థ పల్లెటూళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లలచేత చదివించి చూస్తున్నది. ఆ లెక్క ప్రకారం దేశంలో రెండవ తరగతి పాఠం చదవగలిగిన అయిదవ తరగతి పిల్లలు 2022లో నూటికి సుమారు 43 మంది, 2024లో సుమారు 49 మంది. తరగతినిబట్టి గాక, వచ్చినంతవరకు చూచి పిల్లలను జట్లు కట్టి నేర్పితే త్వరగా అందుకుంటారని పలు రాష్ట్రాలలో జరిగిన ప్రయోగాలు రుజువు చేశాయి. కాంబెల్ మన వీధిబడిలో చూచినదీ ఇదే: శక్తినిబట్టి పై వరుసకు పోవడం.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఇక్కడి తండాలలో లంబాడీ మాట్లాడే ఇండ్లున్నాయి. వారి పిల్లలకు బడిలోని తెలుగే క్రొత్తభాష. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించినప్పుడు లంబాడీని కూడా చేర్చింది. గిడుగువారు వేసిన బాట అది. నడిచేవారుంటేనే బాట నిలుస్తుంది.

ఇంటిలో చిన్నపిల్లలున్నవారు ఈ సాయంకాలం ఒక పరీక్ష చేసి చూడవచ్చు. పిల్లవానిచేత పాఠంలో నాలుగు వాక్యాలు చదివించండి. పిదప పుస్తకం మూసి, అందులో ఏమున్నదో తన మాటలలో చెప్పమనండి. చదవలేకపోతే అక్షరం దగ్గర సాయం కావాలి. చదివి చెప్పలేకపోతే అర్థం దగ్గర సాయం కావాలి. ఏది కావాలో తెలిసిన తరువాత ఆలస్యం చేయరాదు. పూర్వం ఆలస్యంగా వచ్చినందుకు దెబ్బలు తిన్నది పిల్లవాడు. మనం ఆలస్యం చేస్తే నష్టపోయేదీ పిల్లవాడే.