లౌడ్‌స్పీకర్ల డిలే సవరణ

లౌడ్‌స్పీకర్ల డిలే సవరణ అనగా విశాలమైన ప్రాంగణంలో వేదికకు దూరంగా అమర్చిన స్పీకర్లకు ధ్వని సంకేతాన్ని కొంత ఆలస్యంగా పంపి, అన్ని స్పీకర్ల ధ్వని శ్రోతకు ఒకటిగా వినబడునట్లు చేయు పద్ధతి. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్ళకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర వంటి జనసమ్మర్దంలో, తప్పిపోయిన పిల్లల గురించి చేసే ప్రకటనలు అర్థం కావాలంటే ఇటువంటి స్పష్టత అవసరం.

సూత్రం

విద్యుత్ సంకేతం తీగల ద్వారా స్పీకర్లన్నింటికీ దాదాపు ఒకేసారి చేరుతుంది. గాలిలో ధ్వని వేగం మాత్రం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లే. వేదిక నుండి 70 మీటర్ల దూరంలో రెండవ స్పీకరు ఉన్నదనుకుంటే, దాని దగ్గరి శ్రోతకు వేదిక వద్ద స్పీకరు ధ్వని సుమారు 204 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు మాటలు ఒకదానిపై ఒకటి పడి అర్థం కావు. కావున రెండవ స్పీకరుకు అంతే ఆలస్యం కల్పిస్తారు. దానికి మరో 10-15 మిల్లీసెకన్లు కలిపితే మాట వేదిక నుండే వస్తున్నట్లు తోస్తుంది. మొదట చేరిన ధ్వని దిశనే చెవి గ్రహించడం దీనికి కారణం. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ హాస్ 1949లో దీనిని పరిశోధించినందున హాస్ ప్రభావం అంటారు.

పరిమితులు

ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. 35 డిగ్రీల ఎండలో పై ఆలస్యం 199 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. రెండవ స్పీకరు వేదిక వైపుకు తిరిగి ఉంటే ముందు వరుసలవారికి ప్రతిధ్వని వలె వినబడుతుంది. అందువలన దానిని వెనుక కూర్చున్నవారి వైపుకే తిప్పి అమర్చాలి.