తరిమినా వేటే

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేశారు. పెన్షను లెక్కలు, డి.ఎ. బకాయిల సంగతులు తోటి మిత్రులు ఎలాగూ వ్రాస్తారు. నేను దాదాపు నలభై ఏళ్లుగా మనసులో పెట్టుకున్న ఒక సంగతి వ్రాస్తానన్నాను. అది ఒక కుక్కకూ ఒక లేడికీ సంబంధించినది. చట్టంలోని ఒక మాటకు కూడా సంబంధించినది. జీవితమంతా గుమస్తాగా సెక్షన్ల మధ్య బతికినవాణ్ణి కనుక ఈ రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

నేను చంపాపేటలో ఇల్లు కట్టుకున్నది 1984లో. ఈనాడు ఫంక్షను హాళ్లు, ఆసుపత్రులు, ట్రాఫిక్కుతో ఊపిరాడని ఈ ప్రాంతం ఒకప్పుడు అడవి అంటే మా మనవడు నమ్మడు. సాక్ష్యానికి దూరం వెళ్లనక్కరలేదు. పక్కనే ఉన్న కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి స్థలపురాణమే చాలు. కాకతీయ రాజు ఒకరు ఇక్కడికి వేటకు వచ్చి, అలసి చెట్టు కింద విశ్రమించగా పులి గాండ్రింపు వినబడిందట. ఆ వైపు వెళ్తే గాండ్రింపుకు బదులు రామనామం వినబడిందట. పొదలు తప్పించి చూస్తే ధ్యానముద్రలో హనుమంతుడు. రాజు విల్లు దించి గుడి కట్టించాడని చెబుతారు. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో గాని, ఇది వేటాడే చోటన్న జ్ఞాపకం మాత్రం ఆ కథలో నిలిచింది.

వేట ఉన్నచోట కుక్క ఉంటుంది. భారతంలో పాండవులు అడవికి వేటకు వెళ్లినప్పుడు వారి కుక్క ముందుగా పరుగెత్తి ఏకలవ్యుణ్ణి చూసి మొరగడం, అతడు బాణాలతో దాని నోరు మూయడం మనందరం చిన్నప్పుడే చదువుకున్నాము. అందరూ అక్కడ ఏకలవ్యుని విలువిద్యను మెచ్చుకుంటారు. కుక్కను అలా వదిలిన పాండవులను ఎవరూ ఏమీ అనరు. సరే, అది ద్వాపరం.

తరువాతి కాలంలో సంస్థానాధీశులు కుక్కలతోబాటు చీతాలను కూడా పెంచారు. కళ్లకు గంతలు కట్టి ఎడ్లబండి మీద తీసుకుపోయి, కృష్ణజింకల మంద కనబడగానే గంత విప్పి వదిలేవారు. హైదరాబాదు కొలువులోనూ ఈ వేడుక ఉండేది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోగల కృష్ణజింకను పట్టాలంటే చీతాయే కావాలి. ఆ చీతాలు మన దేశంలో అంతరించినట్లు 1952లో ప్రకటించారు. 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు.

మనకు దగ్గరలో నిజాముల వేట మైదానంగా ఉన్న చోటే నేటి హరిణ వనస్థలి. 1975లో, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంలో, దానికి ఆయన పేరు పెట్టారు. వేట మైదానానికి అహింసామూర్తి పేరు! మూడు వేల ఏడు వందల ఎకరాలకు పైబడిన ఈ వనం 1994లో జాతీయ ఉద్యానవనమయింది. మన పెద్దలు ఇర్రి అని పిలిచే నల్లని మగజింకలు, మెలితిరిగిన కొమ్ములతో ఇక్కడ మందలుగా ఉన్నాయి.

ఇక నా సంగతి. 1986 శీతాకాలంలో వనస్థలిపురంలో ఉన్న మా తోడల్లుడి ఇంట్లో రెండు రోజులున్నాము. మా టామీ కూడా వెంట వచ్చింది. మేలుజాతి ఏమీ కాదు, వీధిలో దొరికినదే. తెల్లవారుజామున మేమిద్దరం దానితో నడకకు బయలుదేరాము. అప్పుడక్కడ హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లు, మధ్యమధ్య తంగేడు పొదలు. కాస్త పరుగెత్తనీ అని నేనే గొలుసు విప్పాను. రెండు నిమిషాలకే పొదల అవతల ఒక లేడి కనబడింది. ఎలా బయటికి వచ్చిందో తెలియదు. టామీ దాని వెంటపడింది.

ఆ లేడి గెంతులు చూసి మొదట ముచ్చటపడ్డాను. "మావాడి జోరు చూశారా!" అని తోడల్లుడితో అన్నట్లు కూడా జ్ఞాపకం. కుక్క దాన్ని అందుకోలేదు గాని వదలలేదు. లేడి ఒకచోట ముళ్లకంచెకు కొట్టుకుని వెనక్కు తిరిగింది, మళ్లీ పరుగెత్తింది. పావుగంట గడిచింది. పిలిస్తే టామీ వినలేదు. ఇంతలో కాపలాదారు ఒకతను కర్ర పట్టుకుని కేకలు వేస్తూ వచ్చాడు. కుక్క నాలుక వేలాడేసుకుని నా దగ్గరకు చేరింది. దాని పన్ను లేడికి తగలనైనా లేదు.

"గిట్ల కుక్కను ఇడిసిపెడ్తరా సారూ? ఇది వేట కాదా?" అన్నాడతను.

నాకు కోపం వచ్చింది. ఆఫీసులో పది మందికి రూల్సు చెప్పేవాణ్ణి, నాకు చెబుతాడా? "చంపలేదు, పట్టలేదు, ముట్టలేదు. వేట ఎలా అవుతుందయ్యా? చట్టం చదువుకుని రా" అన్నాను. అతను ఇంకేమీ అనలేదు.

మర్నాడు మేము తిరుగు ప్రయాణమవుతుండగా అతనే ఎదురై రమ్మని సైగ చేశాడు. ఒక తుమ్మచెట్టు కింద లేడి పడి ఉంది. ఒంటి మీద కాటు లేదు. కడుపు ఎత్తుగా ఉంది. "ఉరికి ఉరికి సచ్చిపోయింది సారూ. సూలుతో ఉండె" అన్నాడు.

అతను చెప్పినది నిజమేనని చాలాకాలానికి ఒక పశువైద్యుడు వివరించాడు. ప్రాణభయంతో శక్తికి మించి పరుగెత్తిన జింకకు కండరాలు లోపల చితికిపోతాయి. ఆ విషం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గుండె ఆగవచ్చు. కొన్ని గంటలకో, కొన్ని రోజులకో ప్రాణం పోతుంది. తరిమినవాడు ఆ వేళకు ఇంట్లో కాఫీ తాగుతుంటాడు.

చట్టం విషయంలో ఆనాడు నా వాదన పూర్తిగా తప్పేమీ కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. వన్యప్రాణులు అప్పటికి రాష్ట్రాల జాబితాలో ఉండేవి. కొన్ని రాష్ట్రాల శాసనసభలు కోరగా పార్లమెంటు ఆ చట్టం చేసింది. 42వ రాజ్యాంగ సవరణ ఆ అంశాన్ని ఉమ్మడి జాబితాకు మార్చింది. ఆ చట్టం రెండవ సెక్షనులో వేటకు నిర్వచనం ఉంది. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, పట్టడం, వీటి ప్రయత్నాలన్నీ వేటే. తోలడం కూడా ఉంది, కాని పై పనుల కోసం తోలితేనే. ఊరకే తరిమితే? ఆ సందులోంచే నేను బయటపడ్డాను. ఇంతకంటే పాతదైన 1860 నాటి శిక్షాస్మృతిలో పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తకు 289వ సెక్షను ఉండేది. అది మనిషికి ప్రమాదమయితేనే వర్తించేది. 2024 జూలై నుంచి అమలైన న్యాయసంహితలో 291గా అంకె మారిందే గాని అర్థం అదే. జింక ప్రాణం ఆ సెక్షనులోకి రాదు.

2003లో ఒక సాయంత్రం ఆఫీసులో గెజిటు తిరగవేస్తుంటే వన్యప్రాణి చట్టం సవరణ కంటబడింది. ఆ ఏడు 16వ నెంబరు చట్టం, ఏప్రిల్ 1 నుంచి అమలు. వేట నిర్వచనాన్ని తిరగవ్రాశారు. పట్టడం, ఉచ్చు వేయడం, తోలడం, ఎర వేయడం, వీటి మధ్య కొత్తగా ఒక మాట చేరింది: కోర్సింగ్. నిఘంటువు తీశాను. కుక్కలను వదిలి, కంటికి కనబడే జంతువును తరిమించడం అని ఉంది. చంపాలన్న ఉద్దేశం గురించిన షరతు ఇక్కడ లేదు. తరమడమే వేట. చదువు రాని ఆ కాపలాదారు 1986లో అన్న మాటను పార్లమెంటు పదిహేడేళ్లకు వ్రాసింది. ఆ పుట మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అటెండరు వచ్చి ఒంట్లో బాగాలేదా సార్ అని అడిగాడు.

ఇంగ్లండులో వందల ఏళ్ల వినోదమైన ఈ కుక్కల వేటను 2004 చట్టంతో నిషేధించారు. వారికంటే మనం కొంచెం ముందే.

ఇప్పటి శిక్షలు కూడా చెప్పాలి. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు. దాని వేటకు మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తరువాత కనీసం 25,000 రూపాయల జరిమానా. అభయారణ్యంలో, జాతీయ ఉద్యానవనంలో జంతువులను వేధించడం అసలే కూడదని 1991 నుంచి వేరే నిబంధన ఉంది. కుక్క తనంతట తాను గొలుసు తెంపుకుపోతే యజమాని దోషమెంత అన్నది కోర్టులు తేల్చవలసిన ప్రశ్న. నేను మాత్రం గొలుసు నా చేతితోనే విప్పాను.

యజమానులు లేని వీధికుక్కల బాధ ఇంకా పెద్దది. గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో కుక్కలు చుక్కల జింకలను చంపిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివాము. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చినప్పుడు కూడా అటువంటి వార్త వచ్చింది. ఆ కుక్కల మెడలో గొలుసు లేదు, ఏ సెక్షను పెట్టినా ఎవరి మీద పెడతారు?

టామీ 1993లో పోయింది. ఇప్పుడు మా మనవడికి ఒక లాబ్రడార్ ఉంది. మొన్న ఆదివారం వనస్థలి వైపు వెళ్దామంటే కుక్కను ఇంట్లో ఉంచి బయలుదేరమన్నాను. ఎందుకని అడిగితే దారి పొడవునా ఈ కథంతా చెప్పాను.

"అయితే నీకు ఫైన్ వేశారా తాతా?" అన్నాడు.

లేదన్నాను.

"ఆ వాచ్‌మన్ పేరేంటి?"

ఆ రెండు రోజుల్లో అతని పేరు అడగాలని నాకు తోచనేలేదు.