సుడోకు కథ – పదవీ విరమణ చేసినవారు పెంచిన అంకెల ఆట

పత్రిక చేతికి రాగానే వార్తలు ఒకసారి తిరగేసి, వెంటనే పెన్సిలు కోసం వెతుక్కునే విశ్రాంత ఉద్యోగులు మన మధ్య ఎందరో ఉన్నారు. వారి చూపు ఆగేది 81 గళ్ళున్న ఒక చదరం దగ్గర. ఒకప్పుడు ఆ చోటు గళ్ళ నుడికట్టుది. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే స్వయంగా కూర్చిన నుడికట్లతో కుస్తీ పట్టిన తరం మనది. ఇప్పుడు దాని పక్కనే సుడోకు వచ్చి కూర్చుంది.

పేరు జపానుది కనుక ఆట కూడా జపానులోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి దీని మూలపురుషుడు స్విట్జర్లాండులో పుట్టిన గణితవేత్త. ఆట పుట్టింది అమెరికాలో. పేరు పెట్టింది జపానులో. లోకమంతా పాకింది లండను పత్రిక ద్వారా. ఈ సుదీర్ఘ ప్రయాణంలో ముఖ్యమైన రెండు మలుపుల దగ్గర మనకు కనిపించేది పదవీ విరమణ చేసిన మనుషులే. అందుకే ఈ కథ మన సంచికలో ఉండదగినది.

మాయా చదరాలు, లాటిన్ చదరాలు

గళ్ళలో అంకెలు పేర్చడం మన దేశానికి కొత్త విద్య కాదు. ఖజురాహోలోని పార్శ్వనాథ ఆలయంలో 16 గళ్ళ మాయా చదరం చెక్కి ఉంది. అందులో ఎటు కూడినా 34 వస్తుంది. నారాయణ పండితుడు 1356లో రచించిన గణిత కౌముదిలో ఇటువంటి చదరాల కోసం ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. అయితే మాయా చదరంలో కూడిక ముఖ్యం. సుడోకులో కూడికలు, తీసివేతలు ఏమీ లేవు. అక్కడ అంకె విలువతో పని లేదు, అది కూర్చున్న స్థానంతోనే పని. అంకెలకు బదులు తొమ్మిది అక్షరాలు పెట్టినా, తొమ్మిది పూల బొమ్మలు పెట్టినా ఆట మారదు.

ఈ స్థానాల లెక్కకు పునాది వేసినవారు లియోనార్డ్ ఆయిలర్. 1707లో జన్మించిన ఈయన ఎక్కువ కాలం రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేశారు. చివరి సంవత్సరాలలో చూపు పూర్తిగా పోయింది. అయినా పరిశోధన ఆపలేదు. ఒక చదరంలో ప్రతి అడ్డు వరుసలోను, ప్రతి నిలువు వరుసలోను ఒక్కొక్క గుర్తు ఒక్కసారే వచ్చేలా అమర్చడం గురించి ఆయన రాసిన వ్యాసం 1782లో అచ్చయింది. గళ్ళలో లాటిన్ అక్షరాలు వాడినందువల్ల వీటికి లాటిన్ చదరాలు అని పేరు వచ్చింది.

ఆ వ్యాసంలోనే ఆయిలర్ ఒక చిక్కు ప్రశ్న వేశారు. ఆరు సైనిక దళాల నుంచి, ఒక్కో దళంలో ఆరు వేర్వేరు హోదాల వారిని తీసుకుంటే మొత్తం 36 మంది అధికారులు. ప్రతి వరుసలోను, ఎటు చూసినా, ప్రతి దళమూ ప్రతి హోదా ఒక్కసారే వచ్చేలా వారిని ఆరు వరుసల చదరంలో నిలబెట్టగలమా? సాధ్యం కాదని ఆయిలర్ భావించారు. 1900–01లో గాస్టన్ టారీ అనే ఫ్రెంచి ఉద్యోగి ఓపికగా అన్ని అవకాశాలనూ పరిశీలించి, నిజంగానే సాధ్యం కాదని తేల్చారు. పది, పద్నాలుగు వరుసల చదరాలకు కూడా ఇది కుదరదని ఆయిలర్ ఊహించారు. ఆ ఊహ మాత్రం తప్పని 1959లో రుజువైంది. రుజువు చేసిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు – ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే. మూడవవారు ఇ.టి. పార్కర్. ఈ వార్తను న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది.

పొలంలోకి దిగిన చదరం

వ్యవసాయ శాఖలో పనిచేసిన మన మిత్రులకు లాటిన్ చదరం మరో రూపంలో పరిచయమే. పొలంలో భూసారం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఒక విత్తనాన్ని సారమున్న మూలలోను, మరో విత్తనాన్ని చవిటి మూలలోను వేసి దిగుబడి పోల్చితే అన్యాయం కదా! ప్రతి రకాన్నీ ప్రతి వరుసలోను ఒక్కొక్కసారి వేస్తే ఆ తేడా సర్దుకుంటుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో 1920లలో రోనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపం ఇచ్చారు.

ఈ దారిలో మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఎంతో ముందుకు సాగారు. 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు గారు 1940లలో ఇటువంటి అమరికలనే విస్తరించి ఆర్తోగోనల్ అర్రేలు అనే పద్ధతిని రూపొందించారు. తర్వాతి కాలంలో కర్మాగారాలలో నాణ్యత పెంచడానికి అది బాగా ఉపయోగపడింది. అరవై ఏళ్ళ ప్రాయంలో ఆ సంస్థ నుంచి పదవీ విరమణ చేసి అమెరికా వెళ్ళి, అక్కడ మరి రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. 2023లో, 102వ ఏట, గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి పొందారు. అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు.

పేరు రాని పెద్దాయన

ఇక ఆట సంగతికి వద్దాం. 1892లో, 1895లో ఫ్రెంచి పత్రికలు సుడోకును పోలిన అంకెల పజిళ్ళు వేశాయి. కొన్నాళ్ళకు అవి మరుగున పడ్డాయి. ఈనాటి రూపంలో సుడోకు మొదటిసారి కనిపించింది 1979 మే నెలలో, అమెరికాలో డెల్ సంస్థ ప్రచురించే పజిళ్ళ పత్రికలో. అప్పటి పేరు నంబర్ ప్లేస్. పజిలు కింద రచయిత పేరు లేదు. చాలా ఏళ్ళ తర్వాత న్యూయార్క్ టైమ్స్ పజిళ్ళ సంపాదకులు విల్ షార్ట్జ్ పాత సంచికలు తిరగేసి ఒక సంగతి గమనించారు. నంబర్ ప్లేస్ ఉన్న సంచికలన్నిటిలోను సహకరించినవారి జాబితాలో ఒక పేరు ఉంది. ఆ పజిలు లేని సంచికల్లో ఆ పేరు లేదు. ఆ పేరు హోవర్డ్ గార్న్స్.

గార్న్స్ ఇండియానాపోలిస్ నగరంలో భవనాలకు నమూనాలు గీసే ఆర్కిటెక్టు. పదవీ విరమణ చేశాక, 74వ ఏట, లాటిన్ చదరంలో అదనంగా మూడేసి గళ్ళ చిన్న చదరాలు గీసి ఈ ఆట తయారుచేశారు. ఆ చిన్న చదరమే సుడోకుకు ప్రాణం. 1989లో ఆయన మరణించారు. తన ఆట ప్రపంచమంతా ఆడుతుందని ఆయనకు తెలియదు. ఏళ్ళ తరబడి ఫైళ్ళలో నోట్లు రాసి, కింద మరొకరి సంతకం చూసిన మనబోటివారికి ఆయన పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. పాత జాబితాలను ఓపికగా సరిచూసిన ఒక మనిషి వల్ల ఆయన పేరు దక్కింది. రికార్డు భద్రంగా ఉంచడం ఎందుకో ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

జపానులో నామకరణం, లండనులో పట్టాభిషేకం

1984లో జపానులోని నికోలి సంస్థ అధిపతి మాకి కాజి ఈ పజిలును తమ పత్రికలో వేశారు. అంకెలు బ్రహ్మచారులుగానే ఉండాలి అనే అర్థం వచ్చే పొడవైన జపాను వాక్యాన్ని కుదించి సుడోకు అన్నారు. గుర్రప్పందేలకు వెళ్ళే తొందరలో క్షణాల్లో ఈ పేరు పెట్టానని ఆయనే చెప్పుకున్నారు. 1986లో ఆ సంస్థ రెండు నియమాలు పెట్టింది. ముందుగా ఇచ్చే అంకెలు 32కు మించరాదు. వాటి అమరిక చూపుకు సౌష్ఠవంగా ఉండాలి. కాజి 2021లో మరణించారు.

రెండవ విశ్రాంత వ్యక్తి వేన్ గూల్డ్. న్యూజిలాండుకు చెందిన ఈయన హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విరమించారు. 1997లో టోక్యోలోని ఒక పుస్తకాల దుకాణంలో సుడోకు పుస్తకం ఆయన కంట పడింది. జపాను భాష రాకపోయినా ఖాళీ గళ్ళు ఆయనను ఆకర్షించాయి. ఆరేళ్ళు శ్రమించి ఈ పజిళ్ళు తయారుచేసే కంప్యూటరు ప్రోగ్రాము రాశారు. లండను టైమ్స్ పత్రిక 2004 నవంబరు 12న మొదటి సుడోకు వేసింది. పత్రికలకు ఆయన పజిళ్ళు ఉచితంగానే ఇచ్చారు. మరుసటి సంవత్సరానికి ఈ ఆట దేశదేశాలకూ పాకింది. తెలుగు పత్రికలూ చోటిచ్చాయి. 2006లో ఇటలీలోని లూకా పట్టణంలో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. 2008లో అది మన గోవాకు వచ్చింది.

సాధించే పద్ధతి

నియమం ఒక్కటే. ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో, ప్రతి చిన్న చదరంలో 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కసారే రావాలి. కొత్తగా మొదలుపెట్టేవారు కింది మెట్లు క్రమంగా ఎక్కితే చాలు.

మొదటిది, అంకెను పట్టుకుని చోటు వెతకడం. పై భాగంలో పక్కపక్కనే మూడు చిన్న చదరాలున్నాయి. ఎడమ చదరంలో 7 మొదటి వరుసలో ఉంది. మధ్య చదరంలో 7 రెండవ వరుసలో ఉంది. అప్పుడు కుడి చదరంలో 7 మూడవ వరుసలోనే ఉండి తీరాలి. ఆ వరుసకు చెందిన మూడు గళ్ళలో రెండు ముందే నిండి ఉంటే, మిగిలిన గడిలో 7 వేసేయవచ్చు. రెండు ఖాళీలుంటే నిలువు వరుసలు చూడండి. ఒకదానిలో 7 ఉంటే రెండవదే దాని చోటు. పజిలులో ఎక్కువసార్లు కనిపించే అంకెతో ఈ వెతుకులాట ప్రారంభించడం లాభం.

రెండవది, గడిని పట్టుకుని అంకె వెతకడం. ఒక ఖాళీ గడి తీసుకోండి. దాని అడ్డు వరుసలో 1, 4, 6, 9 ఉన్నాయి. నిలువు వరుసలో 2, 4, 8 ఉన్నాయి. చిన్న చదరంలో 3, 7 ఉన్నాయి. ఇవన్నీ కొట్టివేస్తే మిగిలేది 5 ఒక్కటే. అదే జవాబు.

మూడవది, జంట పద్ధతి. ఒక వరుసలో రెండు గళ్ళలో 2 గాని 8 గాని తప్ప మరేదీ పట్టదని తేలిందనుకుందాం. ఏది ఎక్కడో ఇంకా తెలియదు. కాని ఆ రెండంకెలూ ఆ రెండు గళ్ళకే కేటాయింపు అయిపోయాయి. కనుక ఆ వరుసలోని మరో గడిలో 2, 5, 8 అని రాసుకుని ఉంటే, 2, 8 కొట్టివేయండి. 5 ఖాయం.

నాలుగవది, వరుస పద్ధతి. ఒక చిన్న చదరంలో 4 పట్టే గళ్ళు రెండే ఉండి, అవి రెండూ ఒకే అడ్డు వరుసలో ఉంటే, ఆ వరుసలోని 4 ఆ చదరంలోనే వస్తుంది. పక్క చదరాల్లో ఆ వరుస గళ్ళలో 4 ఉండదు.

ఒక్క జాగ్రత్త. ఊహించి అంకె వేయకండి. సరిగా తయారైన సుడోకుకు ఒకే జవాబు ఉంటుంది. ఊహ తప్పితే ఆ సంగతి ఎక్కడో చివరలో, ఒకే వరుసలో రెండు మూడ్లు ఎదురైనప్పుడు గాని బయటపడదు. అప్పుడు ఎక్కడ దారి తప్పామో పట్టుకోవడం, టాలీ కాని లెడ్జరులో తప్పు వెతకడమంత కష్టం. అనుమానమున్న అంకెలను గడి మూలలో పెన్సిలుతో సన్నగా రాసుకోండి. దారి మూసుకుపోతే పత్రిక పక్కన పెట్టి కాఫీ తాగి రండి.

గళ్ళు 81 మాత్రమే కదా అని తేలికగా చూడకండి. నియమం ప్రకారం పూర్తిగా నిండిన చదరాలు ఎన్ని ఉండగలవో 2005లో ఫెల్గెన్‌హావర్, జార్విస్ అనే ఇద్దరు లెక్కగట్టారు. ఆ సంఖ్య 6,670,903,752,021,072,936,960. ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ముందుగా ఇవ్వాలని, 16 చాలవని 2012లో డబ్లిన్‌కు చెందిన గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటరు సాయంతో నిర్ధారించింది.

మెదడుకు మేలేనా?

సుడోకు ఆడితే మతిమరుపు జబ్బు రాదని కొందరు గట్టిగా చెబుతుంటారు. అంత మాట నమ్మనవసరం లేదు. 2019లో ఇంగ్లండు పరిశోధకులు 50 ఏళ్ళు దాటిన 19 వేల మందికి పైగా వ్యక్తులను పరిశీలించి, తరచు అంకెల పజిళ్ళు చేసేవారు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని చెప్పారు. కాని పజిళ్ళ వల్ల బుద్ధి చురుకైందా, చురుకైన బుద్ధి ఉన్నందువల్లే పజిళ్ళ జోలికి వెళ్ళారా అన్నది ఆ పరిశీలనతో తేలదు. కనుక ఉదయపు నడక, బి.పి. మాత్ర, డాక్టరు సలహా వీటిలో దేనికీ ఇది బదులు కాదు. ఇంట్లో ఎవరికైనా మరపు ఎక్కువవుతుంటే పజిలు ఇచ్చి ఊరుకోక వైద్యునికి చూపించాలి.

మరి దీని వల్ల లాభమేమిటి? ఖర్చు లేదు. భాషతో పని లేదు. అమెరికాలో పెరిగిన మనవరాలికి తెలుగు చదవడం రాకపోవచ్చు. గళ్ళ నుడికట్టు ఆమెతో కలిసి నింపలేము. అంకెలు మాత్రం ఇద్దరికీ ఒకటే. సెలవులకు వచ్చినప్పుడు ఒకే పజిలు ముందు పెట్టుకుని తాతగారు, అమ్మమ్మగారు పిల్లలతో పోటీ పడవచ్చు. ఎవరు ముందు పూర్తిచేశారన్నది ప్రధానం కాదు. ఈ అంకె ఇక్కడే ఎందుకు రావాలో ఒకరికొకరు చెప్పుకోవడంలోనే అసలు ఆనందం ఉంది.

గార్న్స్ 74వ ఏట గీసిన గీతలను గూల్డ్ తన విశ్రాంతి కాలంలో లోకానికి పంచారు. మన సభ్యులలోనూ పద్యం కట్టేవారు, లెక్కలు కట్టేవారు, బొమ్మలు గీసేవారు ఉన్నారు. మీ దగ్గర ఉన్నది కాగితం మీద పెట్టండి, కింద మీ పేరు, తేదీ తప్పక వేయండి. రేపటి పత్రికతో పాటు పెన్సిలు కూడా సిద్ధంగా ఉంచుకోండి.