నొప్పి తగ్గాక మిగిలే నీరసం

బొగ్గు బాయి పనితో బతికిన ఊరు మందమర్రి. ఇక్కడి సింగరేణి కార్మికుడికి మస్టరు (హాజరు) పడటమే మర్యాద. అలాంటి మనిషి క్యాన్సర్ ముదిరాక నొప్పి ఉంటే చెబుతాడు. మంచం దిగి బాత్రూం దాకా నడవలేకపోతే మాత్రం నోరు మెదపడు. "పానం సుస్తయింది, అంతే" అంటాడు. ఇంట్లోవాళ్లు "రెండు ముద్దలు తిను, బలమొస్తది" అంటారు. ఆ నీరసాన్నీ, దాని వెంటే వచ్చే దిగులునూ వైద్యం కూడా చాలా ఆలస్యంగా పట్టించుకుంది.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో మొదలైంది. కాజీపేట లైను మీద రైలెక్కి వెళ్లే పేదలకు అదే పెద్ద దిక్కు. అప్పట్లో ఎక్కడైనా వైద్యుడి చూపంతా గడ్డ మీదే. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, రోగి బాధలో ఒంటితోపాటు మనసూ కుటుంబమూ ఉంటాయని నొక్కి చెప్పారు. ఆచరణలో ముందు నొప్పికే మందు దొరికింది. మన దేశంలో అదీ దొరకలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన ఆంక్షలతో నొప్పి తగ్గించే మార్ఫిన్ ఆసుపత్రుల్లోనే కరువైంది. ఆ చట్టాన్ని సడలించింది 2014లో. ఒక్క మందు కోసం దాదాపు 30 ఏళ్లు పోయాయి. అది క్షమించరాని ఆలస్యం.

ఈలోగా బయటి దేశాల్లో మరో పని జరిగింది. నిద్రలేమి, ఆకలి మందగించడం, నీరసం జబ్బు వల్లా వస్తాయి, కుంగుబాటు వల్లా వస్తాయి. మరి రెంటినీ విడదీసేదెట్లా? 1983లో జిగ్మండ్, స్నెయిత్ అనే వైద్యులు ఆసుపత్రి రోగుల కోసం 14 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. అందులో ఒంటి లక్షణాలను దాదాపుగా పక్కనపెట్టి, ఒకప్పుడు ఇష్టపడ్డవాటిలో ఇప్పటికీ సంతోషం దొరుకుతోందా అని అడిగారు. మనవడు ఒళ్లోకొచ్చినా ముఖం విప్పారని తాతను గుర్తుపట్టే ప్రశ్న అది. నీరసాన్ని సున్నా నుంచి 10 దాకా కొలిచే చిన్న పట్టిక 1999లో వచ్చింది. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందితో చేసిన అధ్యయనంలో, మొదటినుంచీ ఉపశమన వైద్యం (పాలియేటివ్ కేర్) కూడా అందినవారిలో కుంగుబాటు లక్షణాలు 16 శాతం మందిలో కనిపిస్తే, మిగతావారిలో 38 శాతం మందిలో కనిపించాయి.

ఎం.ఎన్.జె.లో ఉపశమన వైద్యం ఈ శతాబ్దపు తొలి దశకంలో వేళ్లూనుకుంది. తర్వాత తెలంగాణ జిల్లాలకూ చేరింది. ఇంటికే వెళ్లి రోగిని చూసే పద్ధతి వచ్చింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. మంచం పక్కన కూర్చున్న నర్సుకు ఆసుపత్రిలో కనపడనివన్నీ కనిపిస్తాయి.

క్యాన్సర్ నీరసం పడుకుంటే తీరదు. రక్తహీనత, నిద్రలేమి, మందులు, ఇన్ఫెక్షన్ ఇలా కారణం వెతికితే కొంతైనా తగ్గించవచ్చు. ఓపికను బట్టి నాలుగడుగులు నడిపించడం మంచిది. కుంగుబాటుకు కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే "నొప్పెట్లుంది?" తర్వాత "మనసెట్లుంది, ఓపికెట్లుంది?" అని కూడా అడగండి. ఆ జవాబును డాక్టరుకు చెప్పండి. దిగులు భరించలేనిదైతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.