మూసిన లాకు

మా తాతయ్య బందరు నుంచి బెజవాడకి పడవలో వచ్చిన రోజుల గురించి కథలు కథలుగా చెప్పేవారు. 1855లో కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక మా డెల్టాలో కాలవలే రహదారులు. లాకు తలుపులు మూసి ఉంటే పడవ ఆగాల్సిందే. కానీ అక్కడ లాకు ఉందని పడవలో అందరికీ తెలుసు. అటూ ఇటూ నీళ్ళు సమమైతే గాని తలుపు తియ్యరనీ తెలుసు. అంచేత విసుక్కునేవారే తప్ప, దారే లేదనుకుని ఎవరూ వెనక్కి తిరిగేవారు కారు.

ఆ లాకు మళ్ళీ మా బాబాయి పుణ్యమా అని గుర్తొచ్చింది. బాబాయికి చూపు లేదు. కంప్యూటరు తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేరు సాయంతో తన పనులు తనే చేసుకుంటారు. ఒక దరఖాస్తుకి ఆఖరి రోజు. రాత్రి తొమ్మిదింటికి ఫోను.

"అమ్మాయ్, అన్నీ నింపానే. పంపే బటనే పెట్టలేదు వీళ్ళు!"

వెళ్ళి చూద్దును గదా, బటన్ ఉంది! వెలిసిపోయిన బూడిదరంగులో. పుట్టిన తేదీ గడిలో ఒక అంకె తక్కువ పడింది. అది దిద్దితే గాని బటన్‌కి ప్రాణం రాదు. కళ్ళున్నదాన్ని గనక నాకు రంగు చూడగానే అర్థమైంది. ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్ళే బాబాయికి మాత్రం ఆ బటన్ లేనే లేదు.

ఈ తంటా నిన్న మొన్నటిది కాదు. 1997 డిసెంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 4.0లో 'డిసేబుల్డ్' అనే మాట చేరింది. అది తగిలించిన బటన్ ఎంత నొక్కినా పనిచెయ్యదు, సరే. ట్యాబ్ కూడా దాన్ని దాటేసి పోతుంది. చిత్రమేమిటంటే, ఆ నియమాలు రాసిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమే, వైకల్యం ఉన్నవారికీ వెబ్ అందాలని అదే ఏడు ఒక విభాగాన్ని మొదలుపెట్టింది. వారి 2008 మార్గదర్శకాలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలన్నాయి. పనిచెయ్యని బటన్లకి మాత్రం మినహాయింపు! ఇక చూపు మందగించినవాళ్ళ గతేమిటి?

2014లో ఖాయమైన 'ఏరియా' ప్రమాణంలో దీనికో దారి ఉంది. 'ఏరియా-డిసేబుల్డ్' అని రాస్తే ట్యాబ్ బటన్ దగ్గర ఆగుతుంది. బటన్ ఉందనీ, ఇప్పుడు పనిచెయ్యదనీ వినిపిస్తుంది. కారణం కూడా రాసి జతచేస్తే అదీ వినిపిస్తుంది. అయితే ఆ మాట చెప్పడం వరకే. నొక్కినా పని జరగకుండా ఆపే బాధ్యత పేజీ రాసేవాళ్ళదే. అంతకంటే మేలైన పద్ధతి, బటన్ తెరిచే ఉంచి, నొక్కగానే ఫలానా గడిలో ఫలానా తప్పు ఉందని చెప్పడం.

ఇది దయాదాక్షిణ్యాల సంగతీ కాదు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టే తేల్చింది.

తేదీ దిద్ది, బటన్ బాబాయి చేతే నొక్కించాను. దరఖాస్తు వెళ్ళింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి అన్నారు:

"మూస్తే మూశారు. మూశామని ఒక్క మాట చెప్పొద్దుటే!"