మొహీనేర్ ఘోడాగులి: ఒక కలకత్తా పాటల బృందం తొలి రోజులు



చరిత్ర పాఠం అనగానే మీకు రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మనం వాటిని పక్కన పెట్టి, ఏడుగురు యువకులు కలిసి పెట్టుకున్న ఒక పాటల బృందం గురించి చెప్పుకుందాం. దాని పేరు మొహీనేర్ ఘోడాగులి. తెలుగులో చెప్పాలంటే 'మహీన్ గుర్రాలు'. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. అయితే 2006లో విడుదలైన 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ సినిమాలోని 'భీగీ భీగీ' పాటను మీలో కొందరైనా విని ఉంటారు. ఆ పాట బాణీకి మూలం ఈ బృందం నాయకుడు చేసిన ఒక బెంగాలీ పాట.

ఈ బృందం తొలి దశలో పనిచేసింది సుమారు ఆరేళ్లు మాత్రమే. వెలువరించినవి మూడు చిన్న గ్రామఫోను రికార్డులు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. మరి ఇటువంటి బృందానికి చరిత్రలో చోటెందుకు? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ఆనాటి కలకత్తా

ముందుగా 1960ల చివరి కలకత్తాను ఊహించుకోండి. (నగరం పేరు అధికారికంగా కోల్‌కతాగా మారింది 2001లో.) ఆ నగరంలో రెండు రకాల సంగీతం రెండు వేర్వేరు లోకాలుగా ఉండేది. ఇళ్లలో, రేడియోలో రవీంద్ర సంగీతం, నజ్రుల్ గీతాలు, సినిమా పాటలు, మన లలిత సంగీతం వంటి 'ఆధునిక్ గాన్' వినిపించేవి. పార్క్ స్ట్రీట్‌లోని రెస్టారెంట్లలో మాత్రం గిటార్లు, డ్రమ్ములు మోగేవి. అక్కడ పాట భాష ఎక్కువగా ఇంగ్లీషు. మీకు తెలిసిన ఉషా ఉతుప్ కూడా ఆ వీధిలోని ట్రింకాస్‌లో పాడి పేరు తెచ్చుకున్నవారే.

అదే సమయంలో నగరం రాజకీయంగా ఉడికిపోతోంది. 1967లో ఉత్తర బెంగాల్‌లోని నక్సల్బరీలో రైతుల తిరుగుబాటు మొదలయింది. దాని ప్రభావం మన శ్రీకాకుళం కొండల దాకా వచ్చింది. కలకత్తాలో ఎందరో విద్యార్థులు చదువులు వదిలి ఆ ఉద్యమంలోకి వెళ్లారు. 1817లో హిందూ కాలేజీగా మొదలైన ప్రెసిడెన్సీ కాలేజీ ఇందుకు పెద్ద కేంద్రమయింది.

ఆ కాలేజీలో ఫిజియాలజీ చదివిన విద్యార్థి గౌతమ్ చట్టోపాధ్యాయ్. ఆయన ఈ రెండు లోకాలనూ చూశారు. 'ది అర్జ్' అనే బృందంతో పార్క్ స్ట్రీట్‌లో గిటారు వాయించారు. నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లి జైలు కూడా చూశారు. విడుదలయిన తరువాత కలకత్తాలో ఉండకూడదన్న షరతు వల్ల కొంతకాలం మధ్యప్రదేశ్‌లో గడిపారు. 1970ల నడుమ తిరిగి ఇంటికి చేరారు. ఉద్యమం అణగారిపోయింది. స్నేహితులు కొందరు చనిపోయారు, కొందరు చెదిరిపోయారు. ఇక చెప్పదలచుకున్నది ఏ భాషలో, ఏ రూపంలో చెప్పాలి? ఆయన ముందు నిలిచిన ప్రశ్న ఇదే.

బృందం పుట్టుక

దక్షిణ కలకత్తాలో నక్తలా అనే పేట ఉంది. అక్కడి చట్టోపాధ్యాయ్‌ల ఇంట్లో 1975 ప్రాంతంలో ఈ బృందం రూపుదిద్దుకుంది. గౌతమ్‌తో పాటు ఆయన సోదరులు ప్రదీప్, విశ్వనాథ్, వరుసకు సోదరుడయిన రంజన్ ఘోషాల్, మిత్రులు అబ్రహాం మజుందార్, తపస్ దాస్, తపేష్ బందోపాధ్యాయ్ ఇందులో సభ్యులు.

పేరు కుదరడానికి చాలా తంటాలు పడ్డారు. ఏడుగురు కదా అని మొదట 'సప్తర్షి' అనుకున్నారు. తరువాత 'తీరందాజ్', అంటే విలుకాడు అన్నారు. ఆ తరువాత 'గౌతమ్ చటర్జీ బి.ఎస్‌సి. అండ్ సంప్రదాయ్' అని కూడా పెట్టుకున్నారు. మన పాత నాటక సమాజాల బోర్డుల్లో పేరు పక్కన డిగ్రీ వేసుకునేవారు కదా, అటువంటి వేళాకోళం అది. చివరకు రంజన్ ఘోషాల్ సూచించిన పేరు నిలిచింది. అది జీవనానంద దాస్ (1899–1954) రాసిన 'ఘోడా' అనే కవిత నుంచి తీసుకున్నది. ఆ కవిత 1948లో వెలువడిన 'సాత్‌టి తారార్ తిమిర్' సంపుటిలో ఉంది. అందులోని గుర్రాలు ఈ కాలానివా, ఆదిమ యుగానివా అని పాఠకునికి సందేహం కలుగుతుంది. పాతదీ కొత్తదీ ఒకేచోట నిలబడిన ఆ చిత్రం ఈ యువకులకు నచ్చింది. వాళ్లు పాటలో చేయబోయినదీ అదే.

పాటలోని కొత్తదనం

గిటారు, సాక్సోఫోను, వయొలిన్, పియానో, వేణువు, వీటి పక్కనే బౌల్ గాయకుల ఏక్‌తారా కూడా వీరి పాటలో కలిసింది. బౌల్‌లు బెంగాల్ పల్లెల్లో తిరిగే తత్వగాయకులు. మన తత్వాలు పాడే సాధువులను గుర్తు చేసుకుంటే మీకు కొంత పోలిక దొరుకుతుంది. గౌతమ్ తమ సంగీతాన్ని 'బౌల్ జాజ్' అనేవారు.

బౌల్ బాణీ నగరానికి రావడం ఇది మొదటిసారి కాదు. 1905లో రవీంద్రనాథ్ టాగూరు ఒక బౌల్ బాణీ ఆధారంగా రాసిన పాటే నేటి బంగ్లాదేశ్ జాతీయ గీతం. 1967లో అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ తన రికార్డు అట్ట మీద ఇద్దరు బౌల్ గాయకుల పక్కన నిలబడి ఫొటో దిగారు. అయినా కలకత్తా కుర్రవాళ్లు గిటారు పట్టుకుని ఆ బాణీలో తమ నగరం గురించి పాడితే మాత్రం పెద్దలకు వింతగా తోచింది.

విషయం కూడా కొత్తదే. వీరి తొలి రికార్డులోని ఒక పాటలో పికాసో, బీటిల్స్, డిలాన్, రవిశంకర్ వంటి పేర్లన్నీ వరుసగా వస్తాయి. ఇష్టమైన కళాకారుల జాబితాలా మొదలయిన ఆ పాట, పల్లెల్లో రేవుల్లో కష్టపడే మనుషులను తలచుకుని బరువెక్కుతుంది. కాలేజీ కుర్రవాడి ఉత్సాహం, అతని అపరాధ భావం రెండూ ఒకే పాటలో ఉన్నాయి.

ఇక్కడ మన ప్రాంతంతో పోల్చి చూడండి. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమానికి వాడారు. 1972లో హైదరాబాదు కేంద్రంగా జన నాట్య మండలి మొదలయింది. వీరు జానపద బాణీతో జనం మధ్యకు వెళ్లారు. నక్తలా యువకులు జానపద బాణీని నగరపు గదిలోకి తెచ్చుకుని, అక్కడి ఒంటరితనాన్ని పాడారు. రెండూ ఒకే కాలం వేసిన ప్రశ్నకు రెండు జవాబులు.

ఆదరణ ఎందుకు దక్కలేదు?

1977లో 'సంవిగ్న పఖీకుల్ ఓ కలకత్తా విషయక్' అనే తొలి రికార్డు వచ్చింది. 1978, 1979లలో మరో రెండు వచ్చాయి. మూడింటిలో కలిపి పది పాటలు కూడా లేవు. స్టార్ థియేటర్, మాక్స్ ముల్లర్ భవన్, రవీంద్ర సదన్ వంటి చోట్ల ప్రదర్శనలు ఇచ్చారు. అయినా విమర్శకులు, శ్రోతలు పెద్దగా పట్టించుకోలేదు.

కారణాలు ఆలోచిద్దాం. సంప్రదాయ శ్రోతలకు ఇది మర్యాద తప్పిన పాట. ఇంగ్లీషు పాటలకు అలవాటు పడినవారికి గిటారుతో బెంగాలీ అతకలేదు. ఉద్యమ గీతాలు కోరేవారికి ఇందులో నినాదం కనబడలేదు. పైగా రికార్డు వినాలంటే ఇంట్లో రికార్డు ప్లేయరు ఉండాలి. అది విద్యార్థులకు అందుబాటులో ఉండే వస్తువు కాదు. అంటే, ఈ పాటలు ఎవరి కోసం పుట్టాయో వారి దగ్గరకు చేరే దారి అప్పటికి లేదు.

1981 నాటికి బృందం చెదిరిపోయింది. బతుకుతెరువు కోసం తలొక దారి పట్టారు. గౌతమ్ సినిమాల వైపు వెళ్లారు. ఆయన తీసిన 'నాగ్‌మతి' 1983 సంవత్సరానికి ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ బహుమతి పొందింది.

ఇరవై ఏళ్ల తరువాత

కథ అక్కడితో ముగిస్తే ఈ పాఠం అవసరం ఉండేది కాదు. 1980లలో క్యాసెట్లు వ్యాపించాయి. ఒకరి దగ్గర ఉన్న పాటను పదిమంది నకలు చేసుకోవచ్చు. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ్ 'తొమాకే చాయ్' క్యాసెట్టు బెంగాలీ పాటకు కొత్త శ్రోతలను తెచ్చింది. ఆ వాతావరణంలో 1995 కలకత్తా పుస్తక ప్రదర్శనలో గౌతమ్ 'ఆబార్ బఛర్ కుడి పరే' అనే క్యాసెట్టు విడుదల చేశారు. 'మళ్లీ ఇరవై ఏళ్ల తరువాత' అని దాని అర్థం. దాని మీద 'మొహీనేర్ ఘోడాగులి సంపాదకత్వంలో' అని వేశారు. పత్రికకు సంపాదకుడు ఉన్నట్టే పాటలకూ సంపాదకుడు! ఆయన కొత్త గాయకులను చేరదీసి వారి చేత పాడించారు.

మొదట చెప్పుకున్న బాణీ ఈ క్యాసెట్టులోనిదే. టెలివిజన్ పెట్టె ముందు కూర్చున్న మనిషికి లోకం ఎంత చిన్నదయిపోయిందో ఆ పాట చెబుతుంది. టెలివిజన్ పాఠంలో ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే అయినా, దాచడం సబబు కాదు.

1999 జూన్‌లో గౌతమ్ మరణించారు. అప్పటికే చంద్రబిందు, క్యాక్టస్, ఫాసిల్స్ వంటి బెంగాలీ బృందాలు కాలేజీ ఉత్సవాల్లో పాడుతున్నాయి. 1970లలో వింతగా తోచినది అప్పటికి మామూలు విషయమయిపోయింది.

మనం గ్రహించవలసినది

ఒక ప్రయత్నం తన కాలంలో గెలిచిందా ఓడిందా అన్న లెక్కతోనే చరిత్ర ఆగిపోదు. అది తరువాతివారికి ఏ దారి తెరిచింది అని కూడా అడుగుతుంది. తెరిచిన దారి ఇది: ఇప్పటి నగరంలో బతికే యువకుడు, ఇప్పటి వాద్యాలతో, తన మాతృభాషలో తన మాట పాడవచ్చు. అయితే ఈ ఓదార్పు కింద ఒక నష్టం కూడా ఉందని మరచిపోకండి. ఇరవై ఏళ్ల వయసులో రాసిన పాటకు నలభై ఏళ్లు దాటాక శ్రోతలు దొరికారు. ఆ మధ్య రాయకుండా పోయిన పాటల లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆలోచించండి

1. మీ కాలేజీ వార్షికోత్సవంలో విద్యార్థులు సొంతంగా రాసిన పాటలు ఎన్ని? అవి ఏ భాషలో ఉన్నాయి?

2. రికార్డు, క్యాసెట్టు, మొబైల్ ఫోను: ఈ మూడింటిలో ఒక్కొక్కటి కొత్త పాటకు ఎటువంటి శ్రోతలను తెచ్చింది?

3. మీ ఊరిలో ఒకప్పుడు ఆదరణ దక్కని పాటల బృందం గానీ, నాటక సమాజం గానీ ఉందేమో పెద్దలను అడగండి. వారు చెప్పినది రాసి పెట్టండి. చరిత్ర రచన అలాగే మొదలవుతుంది.